ఊపిరికి తోడు

హైదరాబాదా, మద్రాసా అన్న మాట ఆ ఇంట్లో ఎండాకాలం మొదట్లో పుట్టింది. వానలు దిగేనాటికి అది కంచంలో అన్నంతో పాటు రోజూ వడ్డించుకునే మాట అయిపోయింది.

ఇల్లు సూళ్లూరుపేటలో, రైలు స్టేషను వెనక వీధిలో. ప్రసూన ఊరి బయట ఉన్న ప్రయోగశాలలో సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది. భర్త పెంచలరత్నం ఆమెకు సొంత మేనత్త కొడుకు. రొయ్యలకు ఐసు తయారుచేసే ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు యంత్రాలు చూసుకున్నాడు. సముద్రం లోపలికొచ్చి చెరువులన్నీ పాడయ్యాక ఫ్యాక్టరీకి తాళం పడింది. ఇప్పుడు ప్రయోగశాల కూడా ఊరు వదిలిపోతోంది, సగం హైదరాబాదుకు, సగం చెన్నైకి. ఎటు పోవాలో పనిచేసేవాళ్లనే తేల్చుకోమన్నారు.

“చెన్నై అయితే మనకు తెలిసిన ఊరు బావా. చిన్నప్పట్నుంచి గుడ్డలకీ, కళ్లద్దాలకీ, ఆస్పత్రికీ ఆడికేగదా పోయింది” అంది ప్రసూన.

“గుడ్డలకు పొయ్యేది వేరు, కాపురానికి పొయ్యేది వేరు. ఆడ నేను నోరు తెరిస్తే ముందు అరవం వెతుక్కోవాల. నలభై దాటినాక కొత్తగా మూగోణ్ని కమ్మంటావా?”

“హైదరాబాదులో నీళ్లేవి?”

“మద్రాసులో మాత్రం ఉండాయా? ఎండాకాలం కొళాయిలో రావు, వానాకాలం వంటింట్లోకే వస్తాయి.”

“ఆడ అద్దెలు చూడు. పిల్ల బడి చూడు. ఇంటికీ బడికీ మధ్య గంటన్నర రోడ్డు మీదే ఉండాల.”

“ఉక్కపోత లేదుగదా. చెమట పట్టకుండా గంటన్నర ఉంటే తప్పేంది?”

పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటున్న తన్మయి తల ఎత్తింది. దానికి తొమ్మిదేళ్లు. “సముద్రముండేది యాడ నాయనా?”

“మద్రాసు.”

“కొండలుండేది?”

“హైదరాబాదు. కొండలంటే కొండలు కాదులే. బండలు.”

“రెండూ ఉండే ఊరు లేదా?”

“ఉండాది, విశాఖపట్నం. ఆడ మీయమ్మకు పని లేదు” అన్నాడు రత్నం. ముగ్గురూ నవ్వారు.

ఇదివరకు మనుషులు ఊరు మారడానికి ఇంతగా మథనపడేవాళ్లు కాదు. ఒక ఊరు నచ్చకపోతే సామాను కట్టుకుని ఇంకో ఊరు పోయేవాళ్లు. మహానగరాల గాలి ముక్కుకు గుడ్డ కట్టుకున్నా పీల్చలేనంతగా చిక్కబడిన తర్వాత ఆ వీలు పోయింది. అక్కడ కాపురం ఉండాలంటే ఊపిరితిత్తుల్లో ఒక సూక్ష్మజీవిని నాటించుకోవాలి. ప్రసూన వాళ్లు గాజు పళ్లేల్లో పెంచేది దాన్నే. ముక్కులోకి మంచులా కొడతారు. మూడు రోజులు జ్వరం వస్తుంది. తర్వాత అది లోపలి గోడలకు పట్టుకుని, వచ్చిన ధూళినీ విషాన్నీ తినేసి మనిషికి మంచి గాలి మిగులుస్తుంది. దానికి శాస్త్రం పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగదు. ప్రయోగశాలలో పళ్లేలు కడిగే ఆడవాళ్లు, పాలల్లో కలిపే తోడులాగుందని దాన్ని తోడు అన్నారు. ఆ పేరే జనంలో పాకింది.

ఏ ఊరి తోడు ఆ ఊరిదే. హైదరాబాదు తోడు అక్కడి రాతిపొడినీ మందుల ఫ్యాక్టరీల ఆవిరినీ తిని బతుకుతుంది. చెన్నై తోడుకు ఉప్పుగాలిలో కలిసిన బొగ్గు బూడిద కావాలి. తోడు వేయించుకున్నవాళ్లు ఆయాసపడుతూనే అయినా పది పదిహేను రోజులు బయటి ఊళ్లకు పోయి రావచ్చు. అంతకు మించితే దానికి తిండి దొరకదు. దొరక్కపోతే అది ఉన్న చోటునే తినడం మొదలుపెడుతుంది. బయటికి తీసే దారి లేదు. అందుకే జనం ఫలానావాళ్లు ఫలానా ఊరికి పోయారు అనడం మానేసి, ఆ ఊరికి ఊపిరి రాసిచ్చారు అంటున్నారు.

రాసిచ్చేది ఒక్కసారే కాబట్టి ప్రసూన తొందరపడలేదు. రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆస్పత్రులు, బళ్లు, వరదలు, కరెంటు, చుట్టాలు. చెన్నై బరువు దిగినప్పుడల్లా రత్నం హైదరాబాదు వైపు ఇంకొకటి వేసేవాడు. త్రాసు ఎప్పుడూ సమంగానే నిలిచేది.

చివరికి తేల్చింది అవేవీ కావు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె నిద్ర లేచి వచ్చేసరికి రత్నం వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఫ్రిజ్జు ముక్కలు. గొట్టాలు, మరలు, రబ్బరు పట్టీలు వరసగా పాత లుంగీ మీద పేర్చి ఉన్నాయి.

“పాడైందా బావా?”

“లేదు. బాగానే ఉండాది” అన్నాడు తల ఎత్తకుండా. “ఊరికే విప్పినా.”

సాయంత్రానికి మళ్లీ బిగించేశాడు. అది ఎప్పటిలాగే చల్లబడింది. ప్రసూన చాలాసేపు ఆ ఫ్రిజ్జు తలుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. హైదరాబాదులో మందులు నిలవ చేసే శీతల గిడ్డంగిలో యంత్రాలు చూసుకునే పని ఉందని అతని పాత స్నేహితుడు రెండుసార్లు కబురు చేశాడు. తను చెన్నై అంటూ ఉండబట్టి రత్నం జవాబు చెప్పకుండా ఉన్నాడు.

“హైదరాబాదే పోదాం” అంది.

రత్నం సంతోషపడలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. “నాకోసరం అంటా ఉండావా?”

“పిల్లకు భాష కూడా గదా బావా. తెలుగులో చదువుకోనీ.”

ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పూట ఇంట్లో గాలి తేలికపడింది.

రత్నం ముందు పోయి, ఇల్లు చూసి, తర్వాత వాళ్లను తీసుకుపోయేట్టు అనుకున్నారు. అతను వెళ్లిన వారానికి ఫోను చేశాడు. గొంతు బొంగురుగా ఉంది. తోడు వేయించుకున్నాడు, జ్వరం వచ్చి తగ్గింది.

“మొదటి రోజు ఈడ గాలి పీలిస్తే గొంతులో ఇసక పోసినట్టుండింది. ఇప్పుడు చూడు, గుండెల నిండా వస్తా ఉండాది. మే! ఏం పెంచినారు మీరు” అన్నాడు మెచ్చుకోలుగా.

ప్రసూనకు గర్వంగా అనిపించింది.

*

ఆ తర్వాతి సోమవారం ప్రయోగశాలకు విజయవాడ ఆస్పత్రి నుంచి చల్లటి పెట్టె ఒకటి వచ్చింది. ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఇందుమతి దాన్ని తనే విప్పింది. అరవై దగ్గరపడిన మనిషి, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడదు.

“కొత్తగా పెళ్లైన జంట” అంది. “అబ్బాయిది హైదరాబాదు. అమ్మాయిది చెన్నై. పది రోజులకోసారి ఎవరి ఊరి గాలికి వాళ్లు పోయివస్తూ, విజయవాడలో బంధువుల ఇంట్లో కాపురం పెట్టారు. ఇద్దరికీ ఒకే వారంలో ఊపిరి ఆడలేదు. ఇద్దరూ పోయారు.”

ఇద్దరి ఊపిరితిత్తుల్లోంచి తీసిన చిన్న ముక్కలు ఆ పెట్టెలో ఉన్నాయి. ప్రసూన వాటిని పళ్లేల్లో వేసి వెచ్చని అరలో పెట్టింది. చెన్నై తోడు పెరిగితే పళ్లెంలో నీలం వలయం వస్తుంది, హైదరాబాదుదైతే గోధుమరంగు. మర్నాటికి అబ్బాయి పళ్లెంలోనూ అమ్మాయి పళ్లెంలోనూ రెండు రంగులూ కనపడ్డాయి. రెండూ కలిసిన చోట కణాలన్నీ చీకిపోయి బూడిదలా ఉన్నాయి.

“ముక్కులోకి గట్టిగా కొడితే తప్ప నాటుకోదు అనుకున్నాం ఇన్నాళ్లూ” అంది ఇందుమతి. “పక్కన పడుకుంటే చాలేమో. ఊపిరి ఊపిరికి తగిలి పాకుతోందేమో.”

“రెండూ ఒకే గుండెలో పడితే?”

“చూస్తున్నావుగా. ఒకదాన్ని ఒకటి ఉండనివ్వవు.”

ఇది నిజమా కాదా తేల్చాలంటే తోడు అసలు లేని మనుషుల ఊపిరి కూడా పక్కన పెట్టి చూడాలి. సూళ్లూరుపేటలో ఎవరికీ తోడు అక్కర్లేదు, కాబట్టి ఆ ఊరి మనుషులు చాలు. ప్రసూన తన ఊపిరి గొట్టంలోకి ఊదింది. ఇంకొకరిది కావాలని ఒక గొట్టం ఇంటికి తీసుకుపోయింది. తన్మయి బుగ్గలు ఉబ్బించి, బుడగ ఊదినట్టు ఊది, “ఇంకోసారి ఊదనా?” అని అడిగింది. వద్దన్నా ఊదింది.

రెండు రోజుల తర్వాత ప్రసూన అర తెరిచింది. తన పళ్లెంలో నీలం వలయం ఉంది. తన్మయి పళ్లెంలోనూ ఉంది, కాస్త చిన్నది, పలచగా.

మొదట తన చేతులకంటిన తోడు పళ్లెంలో పడిందనుకుంది. పళ్లేలు మారాయనుకుంది. అన్నీ పారేసి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, కొత్త గొట్టాల్లో కొత్తగా ఊపిరి పట్టి మళ్లీ పెట్టింది. ఈసారి తన్మయికి ఆట పాతబడి విసుక్కుంటూ ఊదింది. మళ్లీ అదే నీలం.

ఇందుమతి రెండు పళ్లేలనూ కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది.

“నువ్వు ఏ గదిలో పని చేస్తున్నావు?”

“మూడేళ్లుగా చెన్నై గదిలోనే మేడమ్. ముసుగు తీసింది లేదు.”

“తీయకపోయినా సరిపోలేదు.” పళ్లేలు కింద పెట్టి మెల్లగా అడిగింది. “పాప నీ పక్కలోనే పడుకుంటుందా?”

ప్రసూన తల ఊపింది. రత్నం ఉక్కపోతకు తాళలేక ఏళ్లుగా వసారాలో మంచం వేసుకునేవాడు, అతనికి అంటనిది అందుకే. ఉదయగిరిలో తన పుట్టింటికి పోయినప్పుడల్లా పిల్లకు ఆయాసం, తనకు ఛాతీ బరువు రావడం గుర్తొచ్చింది. కొండగాలి పడలేదని అమ్మమ్మ దానికి మఫ్లరు చుట్టేది, వాము కాచి పట్టేది. సెలవులు అయిపోకముందే తిరిగొచ్చేవాళ్లు. సూళ్లూరుపేటలో బస్సు దిగేసరికి దానంతటదే తగ్గిపోయేది. దక్షిణపు గాలి వీచినప్పుడల్లా ఈ ఊరి మీదికి చెన్నై పొగ వస్తుంది. ఉతికి ఆరేసిన గుడ్డలు మసిబారతాయని ఇరుగుపొరుగు తిట్టుకునే పొగ. అదే లేకపోతే తన బిడ్డ బతికేది కాదు.

ఎండాకాలం నుంచీ అన్నం ముందు కూర్చుని తాము తూచిన త్రాసంతా ఉత్తదే. ఏ ఊరో ఎప్పుడో తేలిపోయింది. అది తేలిన చోటు తన గుండె. నుదుటి మీదా బుగ్గల మీదా పెట్టిన ముద్దులతో తనే దాన్ని బిడ్డకు ఇచ్చింది.

ఆ వారమంతా ప్రయోగశాలలోనే గడిపింది. నీలం, గోధుమరంగు రెంటినీ ఒకే పళ్లెంలో బతికించాలని చూసింది. ఉప్పు తగ్గించి, వేడి పెంచి, తిండి రెట్టింపు చేసి చూసింది. ఒకసారి ఒక పూటంతా రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఆశ పుట్టింది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి మధ్యలో బూడిద గీత పడి ఉంది.

*

రత్నం ఫోను చేసినప్పుడు అతని గొంతులో ఉత్సాహం పొంగుతోంది.

“ఇల్లు దొరికింది. మేడ మీద. కిటికీలోంచి బండలు కనపడతాయి, పిల్లకు చెప్పు. లారీ మాట్లాడినా. శనివారం నేనే వచ్చి సామాను ఎక్కిస్తా.”

“రావద్దు బావా.”

“ఎందుకు?”

చెప్పింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక విజయవాడ జంట దగ్గర మొదలుపెట్టింది. తన్మయి పళ్లెంలో కనపడిన నీలం దాకా చెప్పింది. అవతల రోడ్డు మీద వాహనాల హోరు వినపడుతోంది.

“అయితే నేనే వచ్చేస్తా” అన్నాడు చివరికి. “అరవమే నేర్చుకుంటా. పనిదేముంది, ఏదో ఒకటి దొరుకుతుంది.”

“నీ గుండెల్లో హైదరాబాదు తోడుండాది. ఈడ అది బతకదు. నువ్వు మా పక్కకొస్తే మన ముగ్గురిలో ఎవరం మిగలం.”

“తీసేయించుకుంటా.”

“రాదు బావా. అది గోడల్లో కలిసిపోయుంటుంది. దాన్ని చంపితే గోడ కూడా పోతుంది.”

“నువ్వేగదా పెంచేది” అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. వేడుకున్నట్టుంది. “పెంచేదానివి, తీసేది నీకు తెలీదా?”

ప్రసూన ఫోను చెవికి ఆనించుకుని గోడ వైపు తిరిగింది. ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లో కట్టి ఉంది. గిన్నెల పెట్టె మీద ‘హైదరాబాదు’ అని తన్మయి రంగు పెన్సిలుతో రాసి, పక్కన ఒక బండరాయి బొమ్మ వేసింది.

*

డాక్టర్ ఇందుమతి ఆమెను తన గదికి పిలిచి తలుపు వేసింది.

“ఈ సంగతి పైకి పంపాలి. పంపితే ఏమవుతుందో నీకు తెలుసు. రెండు ఊళ్లూ ఒకదాన్ని చూసి ఒకటి తలుపులు వేసుకుంటాయి. రైళ్లు ఆపుతారు. మీ ఆయన అక్కడ, మీరు ఇక్కడ. నిన్ను రాయమని నేను అడగను. నేనే రాసి పంపుతాను. నీ పేరూ, మీ ఇంటి ఊపిరీ అందులో ఉండవు.”

“మా ఇంటిది లేకపోతే రుజువు నిలబడుతుందా మేడమ్?”

ఇందుమతి నిజం చెప్పింది. “నిలబడదు. ఆ జంట ఒక్కటే అంటే ఏదో జబ్బని కొట్టేస్తారు. ముక్కులో కొట్టించుకోని మనిషికి పాకింది అన్నది మీ ఇద్దరితోనే తెలుస్తుంది.”

“ఆగితే?”

“ఎంతకాలం ఆగుతాం? రెండు ఊళ్ల మధ్యా సంబంధాలు కుదుర్చుకుంటున్న ఇళ్లు ఎన్ని ఉంటాయో.”

ప్రసూన ఆలోచించింది. తన పేరు రాయకుండా ఉంటే రత్నం ఆ మేడ మీది ఇంట్లో ఇంకొన్నాళ్లు ఆశతో ఉంటాడు. అంతకు మించి మిగిలేది లేదు. తలుపు తను వేసినా వేయకపోయినా మూసే ఉంది.

“నేనే రాస్తా” అంది.

నివేదిక వెళ్లిన పది రోజులకు రెండు నగరాలూ ఇందుమతి చెప్పినంత పనీ చేశాయి. హైదరాబాదుకు వచ్చేవాళ్ల ఊపిరి పట్టి చూడడం మొదలుపెట్టారు. చెన్నైలో అంతకంటే ముందే మొదలుపెట్టారు. రెంటి మధ్యా నేరుగా పోయే బండ్లన్నీ ఆగాయి. టీవీలో ఏడుస్తున్న మనుషుల్ని చూపించారు. ఎవరో ఒకాయన స్టేషను గేటు పట్టుకుని ఊపుతున్నాడు. ప్రసూన టీవీ కట్టేసింది.

రత్నం ఫోను చేశాడు.

“నువ్వే రాసినావంట.”

“నేనే బావా.”

“ఒక్క నెల ఆగలేకపోయినావా? ఈలోపల ఏదన్నా దారి దొరికేదేమో.”

“ఆ నెలలో ఇంకెంతమంది పొయ్యేవాళ్లో తెలీదు.”

“వాళ్లెవురో నాకు తెలీదు” అన్నాడు రత్నం. “నాకు మీరిద్దరే తెలుసు.” ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత చాలా రోజులు మళ్లీ చెయ్యలేదు. తను చేస్తే తియ్యలేదు. తన్మయి చేస్తే మాత్రం తీసేవాడు. దానితో బండల గురించి, బళ్లో పాఠాల గురించి మాట్లాడేవాడు. ప్రసూన వంటింట్లో నిలబడి వినేది.

*

చెన్నైలో తండయారుపేటలో ఇల్లు దొరికింది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు తప్పని నియమం కాబట్టి తోడు వేసే చోటికి పోతే అక్కడి డాక్టరు తల్లీకూతుళ్ల ఊపిరి పరీక్ష చేయించి, “మీకు ముందే ఉందే. మళ్లీ అక్కర్లేదు” అంది. జ్వరం కూడా రాకుండా ఆ ఊరివాళ్లయిపోయారు.

వీధిలోకి పోయిన మొదటి రోజే ప్రసూనకు ఒక సంగతి తెలిసింది. కూరగాయల బండామె తెలుగు మాట్లాడింది. ఇస్త్రీ ఆయనా, పక్క వాటాలోని ముసలాయనా, మేడ మీద ట్యూషను చెప్పే అమ్మాయీ, అందరూ ఎన్ని తరాల నుంచో ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. రత్నం ఈ వీధిలో ఒక్క అరవం ముక్క రాకుండా బతికేవాడు. ఆ సంగతి ఆమె అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

పొగ దట్టంగా ఉండేది. పొద్దున కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ కనపడేది కాదు. ఆ పొగలో తన్మయి అరుగు మీద తాడాట ఆడేది. ఒక్కసారి కూడా దగ్గేది కాదు. దాన్ని చూస్తుంటే ప్రసూనకు ఎవరో తన చేత్తోనే తన మెడలో పలుపు వేయించినట్టు ఉండేది.

చలికాలంలో ఒక రోజు ఆమె ఫోను మోగింది. రత్నం.

“ఒంగోలు దాటి కొత్తపట్నం కాడ సముద్రపొడ్డున జనం వచ్చి చూసుకుంటా ఉండారంట” అన్నాడు. ఇన్నాళ్లుగా ఏమీ జరగనట్టు, నిన్న ఆపిన మాట అందుకున్నట్టు మాట్లాడాడు. “ఆడ గాలి ఎప్పుడూ సముద్రం మీంచి వస్తుందంట. ఒకరి ఊపిరి ఇంకొకరికి పోదంట. ఈడోళ్లు ఉత్తరం పక్క, ఆడోళ్లు దక్షిణం పక్క. నిజమేనా? నిలబడొచ్చునా?”

“దూరంగా ఉంటే నిలబడొచ్చు.”

“ఎంత దూరం?”

“దాని ముఖం కనపడేంత” అంది ప్రసూన.

*

ఒడ్డు తిరునాళ్ల లాగుంది. ఇసకలో సున్నంతో రెండు గీతలు గీసి ఉన్నాయి. ఉత్తరపు గీత వెనక హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు, దక్షిణపు గీత వెనక చెన్నై నుంచి వచ్చినవాళ్లు. మధ్య ఖాళీ. అద్దాల గదులు కడతామని ప్రభుత్వం చెప్పిందే గాని ఇంకా ఒక్క ఇటుకా పడలేదు. ఎవరికి వాళ్లు చెవి దగ్గర ఫోను పెట్టుకుని, ఎదుటి గీత వెనకున్న తమ మనిషిని చూస్తూ మాట్లాడుకుంటున్నారు. ఒక ఆడమనిషి చంటిబిడ్డను రెండు చేతులతో పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూపిస్తోంది. మొక్కజొన్న పొత్తులు కాల్చే అతను రెండు పక్కలా తిరుగుతున్నాడు. అతనికి ఏ తోడూ లేదు.

ప్రసూనా, తన్మయీ ముందు రోజే వచ్చి ఒంగోలులో దిగారు. రాత్రి నుంచి పిల్లకు కాస్త ఆయాసంగా ఉంది. అయినా బస్సు దిగిన దగ్గర్నుంచి గంతులేస్తూనే ఉంది.

“నాయన” అంది గీతకు అవతల వేలు చూపించి.

రత్నం చిక్కాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, మడతలు ఇంకా విప్పుకోలేదు. చెయ్యి ఎత్తాడు. ప్రసూన ఫోను మోగింది.

“ఇద్దరూ నల్లబడినారు” అన్నాడు.

“నువ్వు చిక్కినావు.”

“వంట నాకు కుదర్లా.”

ఆ మాటకు ఇద్దరూ నవ్వబోయారు. అప్పుడే తన్మయి చెయ్యి ప్రసూన పట్టులోంచి జారింది. సున్నపు గీత దాటి ఖాళీలోకి పరుగెత్తింది.

“పాపా” అని ప్రసూన అరిచింది.

రత్నం ఫోను చెవి దగ్గర నుంచి దించాడు. ఒక క్షణం అతని రెండు చేతులూ వాటంతటవే చాచుకున్నాయి. అది ఆమె స్పష్టంగా చూసింది. మరుక్షణం చేతులు వెనక్కి పోయాయి. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. పిల్ల ఆగలేదు. నీళ్ల వైపు జరగబోయి, గాలి అటునుంచే వస్తోందని తెలిసి ఆగాడు. వెనక్కి తిరిగి ఒడ్డు వెంట ఉత్తరానికి పరుగందుకున్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు దారిచ్చారు. ఎవరో ఆట అనుకుని నవ్వారు. తన్మయి కూడా మొదట ఆటే అనుకుంది. “నాయనా, ఆగు నాయనా” అని నవ్వుతూ పరుగెత్తింది. అతను తిరిగి చూడకుండా పరుగెత్తుతూ ఉంటే నవ్వు పోయింది. ఏడుస్తూ పరుగెత్తింది. చెప్పొకటి ఇసకలో ఊడిపోయింది. ప్రసూన వెనక పడుతోంది గాని కాళ్లు సాగడం లేదు, గుండెలో పట్టేసినట్టుంది.

పిల్లను ఎవరూ ఆపలేదు. దాని ఊపిరే దాన్ని ఆపింది. పరుగు నడకై, నడక ఆగిపోయి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. చాలా దూరంలో రత్నం కూడా ఆగాడు. అతను కూడా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, అచ్చం అలాగే వంగి రొప్పుతున్నాడు. ఇద్దరి మధ్యా ఖాళీ ఇసక.

ప్రసూన వచ్చి పిల్లను పొదివి పట్టుకుంది. ఫోను మోగింది.

“దానికి ఊపిరాడతా ఉండాదా?” రత్నం మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది.

“ఆడతా ఉండాది బావా.”

“నాకూ ఆడతా ఉండాది” అన్నాడు. చాలాసేపు ఇద్దరికీ రొప్పు తప్ప ఇంకేమీ వినపడలేదు. తర్వాత అన్నాడు, “ప్రసూనా. నువ్వు రాసింది మంచిదే. రాయకపోయుంటే రైళ్లు ఆగేవి కాదు, ఉండలేక నేను ఎప్పుడో వచ్చి దాన్ని ఎత్తుకునుండేవాణ్ని.”

*

తిరుగు రైలు ఎక్కారు. గూడూరు దాటినా తన్మయి ప్రసూన ఒళ్లోంచి తల ఎత్తలేదు. ప్రతి ఊపిరికీ దాని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ప్రసూనకు కూడా ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. బయట పొలాల మీద సాయంత్రపు ఎండ బాగా తేటగా ఉంది. గాలి శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమే వాళ్లకు పనికిరాకుండా పోయింది.

సూళ్లూరుపేటలో బండి కాసేపు ఆగింది. స్టేషను వెనక వీధి కనపడింది. ఆమె అటు చూడలేదు.

గుమ్మిడిపూండి దగ్గరపడుతుంటే ఎండ మసకబారింది. పట్టాల పక్క చెట్ల ఆకులు బూడిదరంగులోకి తిరిగాయి. చిమ్నీలు కనపడ్డాయి, ఆ తర్వాత కనపడడం మానేశాయి. ప్రయాణికులు ఒక్కొక్కరే లేచి కిటికీలు తెరవడం మొదలుపెట్టారు. అంతా చెన్నైవాళ్లే.

తన్మయి ఒళ్లోంచి తల ఎత్తింది. కళ్లు తెరవకుండానే వాసన చూసింది.

“మన ఊరొచ్చిందమ్మా” అంది. “కిటికీ తెరు.”

ప్రసూన తెరిచింది. పొగ లోపలికి వచ్చింది. పిల్ల నోరు తెరిచి, దాహంతో ఉన్నవాళ్లు నీళ్లు తాగినట్టు తాగింది. డొక్కలు నెమ్మదించాయి. పెదాలకు రంగొచ్చింది.

తను మాత్రం పీల్చకూడదనుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు. పెదాలు బిగించి, ఊపిరి బిగబట్టి, కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. ఒక స్టేషను దాటింది. చెవుల్లో హోరెత్తింది, కళ్ల ముందు చుక్కలు లేచాయి. ఇక ఆగలేక నోరు తెరిచింది.

గుండెల నిండా వచ్చింది గాలి. ఛాతీ మీది మోకాలు లేచిపోయింది. ఒళ్లంతా హాయిగా వదులయింది. ఆ హాయికే ఆమె, తన్మయి చూడకుండా ముఖం కిటికీ వైపు తిప్పుకుని, ఏడ్చింది.